బొంతలో నాయనమ్మ చీర

పాత చీరల బొంతను చూపించి ఎవరైనా "ఇందులో అమ్మ ప్రేమ ఉంది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మధ్య వాటిని గోడలకు వేలాడదీసి అమ్ముతున్నారు. కొత్త బట్టనే ముక్కలు చేసి, పాతదని నమ్మించేలా కుట్టి, పక్కన ఒక చిన్న కాగితం మీద మన అమ్మమ్మల పొదుపు గురించి నాలుగు మంచి మాటలు రాస్తున్నారు. మా ఇంట్లో ఎవరూ ప్రేమ కోసం బొంత కుట్టలేదు. కప్పుకోవడానికి వేరే ఏమీ లేక కుట్టారు. అంతకుమించి అందులో ఏదో ఉందనేవాళ్ళు చలికాలంలో దాని మీద పడుకుని ఉండరు.

మాది వరంగల్. మా బాపు బట్టల మిల్లులో పనిచేసేవాడు. రోజంతా ఆయన కళ్ళ ముందు తానులకు తానులు బట్ట పోతుండేది. ఇంట్లో మాత్రం అమ్మకు మూడు చీరలు, అందులో ఒకటి పెళ్ళిళ్ళకు దాచింది. ఈ సంగతి మీద గల్లీలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నాకు ఆ నవ్వు చిన్నప్పుడూ నచ్చలేదు.

మా ఇంట్లో చీర చినిగితే అది చీరగా ఆగిపోయేది, అంతే. పని మానేది కాదు. ముందు నడుమ చివికిన చోట నిలువునా చీల్చి, అంచులు మధ్యకు వచ్చేలా తిప్పి కుట్టి అమ్మ ఇంకో ఏడాది కట్టేది. అదీ పోతే గట్టిగా ఉన్న భాగంలో నాకు లంగా. లంగా పోతే దిండు గలీబు. ఆ తర్వాత పొయ్యి మీది గిన్నె దింపే మసిబట్ట, చివరికి ఇల్లు అలికే గుడ్డ. అలికి అలికి దారాలు తేలినప్పుడు గానీ దాన్ని పారేసేవాళ్ళు కాదు. బాపు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పోయిందంటే రెండు కాళ్ళూ కోసి కూరగాయల సంచి. ఆయన తెల్ల ధోతి చిరిగితే దీపాల వత్తులు, పసిపిల్లల పొత్తిగుడ్డలు. పెద్దమనిషినయ్యాక నాకు నెలనెలా కావలసినవీ అందులోంచే వచ్చేవి. వాటి గురించి పొదుపు కాగితాల మీద ఎవరూ రాయరు.

ఈ విద్య అంతా నాయనమ్మది, అంటే బాపు వాళ్ళ అమ్మది. బొంత కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా గల్లీలో లేరు. వాకిలి ఊడ్చి, చీరల్ని పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసేది. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ బియ్యపుగింజంత కుట్లు వేసుకుంటూ లోపలికి వచ్చేది. పైనా కిందా గట్టి బట్ట, నడుమ చివికిపోయిన మెత్తటి బట్ట. పసివాళ్ళ బొంతకైతే నడుమ పొర అన్నిటికంటే పాతదై ఉండాలి, ఎందుకంటే ఆ మెత్తదనమే పిల్లకు అందుతుంది. ఆమె చూపు మందగించాక కుట్టు అమ్మ చేతికి వచ్చింది. సూదులకు దారం ఎక్కించి పెట్టడం నా పని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మకు మళ్ళీ ఏడో నెల. అప్పటికే నాయనమ్మకు దమ్ము, అంటే ఆయాసం, ముదిరి, కూర్చుంటే లేవలేని స్థితి. ఒక మధ్యాహ్నం అమ్మ ఆమెకు తల దువ్వుతోంది. నేను గడప మీద కూర్చుని సూదులతో తంటాలు పడుతున్నాను. నాయనమ్మ తన చీరల మాట ఎత్తింది. మా దిక్కు చనిపోయిన మనిషి బట్టలు పదో రోజుకల్లా ఇల్లు దాటాలి. మూటకట్టి చాకలి ఇంటామెకు ఇచ్చేయాలి. ఒక్క బట్ట మిగిలినా పోయినవాళ్ళు దానికోసం వస్తారనీ, వస్తే పసిపిల్లల జోలికే ముందు పోతారనీ భయం. ఆ సంగతి తెలిసే నాయనమ్మ అడిగింది.

"ఎర్రది ఇయ్యకు. పుట్టేటోనికి బొంత కుట్టినప్పుడు నడిమిట్ల ఎయ్యి. ఎవ్వలకు కనబడది."

ఆ ఎర్ర చీర పెళ్ళైన కొత్తల్లో ఆమె కొనుక్కున్న నేత చీర. ఉతికి ఉతికి ఎర్రతనం పోయి ఇటుకపొడి రంగుకు వచ్చింది. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనంత మెత్తగా ఉండేది. అమ్మ భయపడింది. నలుగురూ ఏమంటారని గొణిగింది. నాయనమ్మ నవ్వి, ఎవ్వలన్న అంటే నేనే చెప్పిన్నని చెప్పు, ఫికర్ చెయ్యకు అంది. బతికున్న మనిషి కాబట్టి తన మాట తర్వాత కూడా చెల్లుతుందనుకుంది. ఆ మాట విన్నది అమ్మా నేనూ ఇద్దరమే.

నెల తిరక్కుండానే నాయనమ్మ పోయింది. పదో రోజు మూట కట్టింది మా మేనత్త, బాపుకు అక్క. ఆమెది వర్ధన్నపేట. నోరు పెద్దది, చెయ్యీ పెద్దదే. పెట్టినప్పుడు బాగా పెట్టేది, అడిగినప్పుడు గట్టిగా అడిగేది. ఎర్ర చీర ఏదని ఆమె అడిగింది. అమ్మ తల వంచుకుని, అది ఎప్పుడో చినిగిపోయిందనీ మసిబట్టలు చేశామనీ చెప్పింది. తప్పంటూ అమ్మ చేసిందంటే ఆ ఒక్కటే. నాయనమ్మ ఉంచమందని అప్పుడే తలెత్తి చెప్పి ఉంటే పెద్ద గొడవే అయ్యేది, కానీ ఆ రోజుతో పోయేది. ఏడుపు ఇంట్లో నోరు తెరవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

తమ్ముడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేశాక అమ్మ బొంత మొదలుపెట్టింది. అయిదు పొరలు. మూడోది నాయనమ్మ చీర. దాన్ని పరిచేటప్పుడు తలుపు గడియ వేసింది. పైన ఇంకో రెండు పొరలు పరిచాకే తీసింది. నాకు ఒకటే మాట చెప్పింది, ఎవ్వలతోని అనకు అని. నేను అననని తల ఊపాను. నిజంగానే చాలా నెలలు అనలేదు.

ఆ రోజుల్లోనే మా గల్లీ చివర పిల్లలకు చుక్కల మందు వేస్తున్నారని కబురు వచ్చింది. నర్సమ్మ ఒక పెట్టె పట్టుకుని కూర్చుందని పక్కింటివాళ్ళు పిలిచారు. అమ్మ తమ్ముడిని ఎత్తుకుని గడప దాకా వెళ్ళింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న బాపు, ఆ సందడికి లేచి కేకలేశాడు. మంచిగున్న పిల్లగానికి మందేంది, జరమొస్తే దవాఖాన చుట్టూ తిరిగేదెవరు అన్నాడు. అమ్మ గడప మీద కాసేపు నిలబడి లోపలికి వచ్చేసింది. తర్వాత ఇంకోసారి కూడా నర్సమ్మ వచ్చింది. ఆసారి అమ్మ గడప దాకా కూడా పోలేదు.

తమ్ముడికి పదో నెలలో, వానలు పడుతుండగా జ్వరం వచ్చింది. మూడు రోజులుంది. నాలుగో రోజు పొద్దున జ్వరం తగ్గిందని అమ్మ సంతోషంగా వాడిని నిలబెట్టింది. కుడికాలు మడతపడింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ మడతపడింది. అప్పటికి వాడు మంచం కోడు పట్టుకుని నిలబడడం నేర్చుకుని వారమే అయింది.

దవాఖానలో డాక్టర్ వాడి కాలు అటూ ఇటూ ఊపి చూసి, అమ్మను బయట కూర్చోమని, బాపును ఆగమన్నాడు. నేను బాపు చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి నేనూ ఆగాను. చుక్కల మందు వేయించారా అని డాక్టర్ అడిగాడు. లేదు సార్ అన్నాడు బాపు. డాక్టర్ తిట్టలేదు. ఆ చుక్కలు పడి ఉంటే కాలు దక్కేదేమో, ఇప్పుడు నూనె రాసి కాలు ఆడిస్తూ ఉండండి అని చీటీ రాసిచ్చాడు. బాపు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక అమ్మ ఏమన్నడని అడిగితే, నరం గుంజుకపోయిందట, చూద్దామన్నడు అని చెప్పాడు. నాకు తొమ్మిది దాటి పది వచ్చింది. విన్నది విన్నట్టు గుర్తుంది గానీ, ఒక మాటకూ ఇంకో మాటకూ తేడా ఏమిటో ఆలోచించే బుద్ధి రాలేదు.

వారానికి మేనత్త వచ్చింది. వస్తూ నాకొక గౌను తెచ్చింది. పసుపు రంగు, మెడ దగ్గర తెల్ల లేసు, వెనక కట్టుకోవడానికి రెండు పట్టీలు. షాపులో కొన్న గౌను. అప్పటిదాకా నా ఒంటి మీద పడినదేదీ ముందు ఇంకొకరిది కాకుండా లేదు. కొత్త బట్టకు ఉండే గంజి వాసన నేను మొదటిసారి నా ఒంటి మీద చూశాను. ఆ రోజంతా కింద కూర్చోలేదు, మాసిపోతుందని.

మేనత్త నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలలో పేలు చూస్తూ మెల్లగా అడిగింది. ఇంట్లో ఏమన్నా తప్పు జరిగిందా, అమ్మ ఎక్కడికన్నా పోయిందా, పిల్లగాన్ని ఎవరన్నా ఎత్తుకున్నారా అని. ఆమెకు నిజంగానే బాధ ఉండింది. తమ్ముడి కాలు చూసి కుమిలి కుమిలి ఏడ్చింది. ఆమెను పూర్తిగా చెడ్డదాన్ని చేస్తే నాకు తేలికయ్యేది. ఆమె చేతులు నా జుట్టులో ఉన్నాయి, గౌను నా ఒంటి మీద ఉంది, నాకు తెలిసిన పెద్ద సంగతి ఒకటుంది. నాయనమ్మ ఎర్ర చీర తమ్ముని బొంతలో ఉందని గొప్పగా చెప్పాను. అందులో వెయ్యమని నాయనమ్మే అడిగిందని కూడా చెప్పబోయాను. కానీ సగం వినగానే ఆమె లేచిపోయింది.

తొట్టెలోంచి బొంత లాగి వాకిట్లో పడేసింది. తమ్ముడు కింద గచ్చు మీద ఏడుస్తున్నాడు. బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో ఆమె కుట్లు కోసింది. అమ్మ నెల రోజులు వేసిన కుట్లు తెగడానికి ఎంతసేపు? పై రెండు పొరలు లేవగానే ఇటుకపొడి రంగు బయటపడింది. అప్పటికి గల్లీ ఆడవాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. మసిబట్టలు చేసినమన్నవు గదా అని మేనత్త అడిగింది. సచ్చిన తల్లి చీరె పసిపిల్లగాని కింద ఏస్తే కాలు పోక ఏమయితదని ఒకామె అంది. ఇంకొకామె అవునంది. అలా అందరూ కలిసి రెండు నిమిషాల్లో తమ్ముడి జబ్బుకు కారణం తేల్చేశారు.

అప్పుడు అమ్మ మాట్లాడింది.

"అత్తనే ఎయ్యమన్నది వదినె. నడిమిట్ల ఎయ్యమన్నది. నా బిడ్డ అక్కడనే ఉన్నది, దాన్ని అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. మేనత్త నా ముందుకు వచ్చి, గౌను భుజం దగ్గర పట్టుకుని, మీ నాయినమ్మ అన్నదా అని అడిగింది. ఆమె పట్టుకున్నది భుజాన్నే కావచ్చు. నాకు మాత్రం గౌను పట్టుకున్నట్టే అనిపించింది. అమ్మ పక్షం మాట్లాడితే ఇక్కడే, ఇంతమంది ముందే దాన్ని విప్పించుకుంటుందనిపించింది. అంతే. నేను అబద్ధం ఆడడానికి అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఇన్నేళ్ళుగా వెతికాను, దొరకలేదు.

"నాకెరుక లేదు" అన్నాను.

బాపు వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. పాదం కదులుతోంది. డాక్టర్ రాసిచ్చిన చీటీ ఆయన చొక్కా జేబులోనే ఉంది, ఆ చొక్కా గోడకున్న కొక్కేనికే ఉంది. అందరూ వెళ్ళిపోయాక లేచి, టీ పెట్టమన్నాడు.

ఎర్ర చీరను మేనత్త మురికినీళ్ళ మోరీ పక్కన కిరోసిన్ పోసి కాల్చింది. అమ్మ మిగిలిన నాలుగు పొరలూ ఉతికి, ఆరేసి, రెండు రోజుల తర్వాత మళ్ళీ కుట్టింది. తమ్ముడు దాని మీదే పడుకున్నాడు. వేరే ఏముంది గనక? కాకపోతే అంతకుముందు కడుపుతో ఉన్న ఆడపిల్లల ఇళ్ళవాళ్ళు తమ పాత చీరలు తెచ్చి అమ్మ చేత బొంతలు కుట్టించుకునేవాళ్ళు. నాయనమ్మ తర్వాత ఆ చేయి అమ్మదేనని పేరు. ఆ రోజు నుంచి మా గుమ్మంలోకి ఒక్క చీర రాలేదు. మంచి చెయ్యి కాదని చెప్పుకున్నారు. ఎదురుపడితే తమ్ముడిని చూసి జాలిపడేవాళ్ళు, అమ్మను చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు. అమ్మకున్న ఒక్క గౌరవం ఆ సూదే. అది పోయింది.

ఎవరు చెప్పారని అమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి రెండు దెబ్బలు వేసి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏడాదిన్నరకు ఆ గౌను నాకు పొట్టి అయింది. బట్ట ఇంకా గట్టిగానే ఉంది, రంగు కూడా పోలేదు. అలికే గుడ్డను కూడా దాచుకునే మనిషి, ఆ గౌనుతో ఏమీ కుట్టలేదు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె గల్లీలోకి వస్తే, పిలిచి, గౌనును ఉన్నదున్నట్టు ఇచ్చి ఒక చెంచా తీసుకుంది. సామాన్లామె ఆశ్చర్యపోయి ఇంకేమన్నా కావాలా అని అడిగింది. అమ్మ ఏమీ వద్దంది.

తమ్ముడు కుడి మోకాలి మీద చెయ్యి నొక్కిపెట్టి నడవడం నేర్చుకున్నాడు. బడిలో పిల్లలు ఏం పిలిచేవాళ్ళో రాయను. గల్లీలో ఎవరో ఒకరు వాడికి బొంత కథ చెప్పనే చెప్పారు. ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు పరుగుపందెం దగ్గర్నుంచి తిరిగొచ్చి, అన్నం ముందు కూర్చుని, నా కాలు తిన్నది నువ్వే అని అమ్మతో అన్నాడు. బాపు అక్కడే తింటున్నాడు. కూర చల్లారిందన్నాడు. అమ్మ వెళ్ళి కూర వేడి చేసుకొచ్చింది.

ఆ ఏడే నేను ఇంటర్ చదువుతున్నాను. మళ్ళీ మా గల్లీలో చుక్కల మందు వేశారు. ఈసారి కాస్త చదువుకున్నదాన్ని కదా అని నర్సమ్మ నన్ను పిల్లల పేర్లు రాయమని కూర్చోబెట్టింది. ఒక ముసలామె మనవడికి వద్దంటుంటే, ఇది వెయ్యకపోతే కాళ్ళు పడిపోతయి అవ్వా, ఇంక దేనివల్లా కాదు అని నర్సమ్మ విడమర్చి చెప్పింది. పెన్ను నా చేతిలో ఆగిపోయింది. ఏడేళ్ళ కిందట దవాఖానలో విన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. నిండా కోపంతో ఇంటికి వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ కోపంలో కొంచెం సంతోషం కూడా ఉంది. తప్పు చేసినవాడు వేరే ఉన్నాడని తేలింది కదా.

అమ్మ వెనక గదిలో బాపు పాత లుంగీని చింపి పొయ్యి గుడ్డలు చేస్తోంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. డాక్టర్ అడిగింది, బాపు లేదన్నది, చీటీ మడత పెట్టుకున్నది, బయటికి వచ్చి వేరే చెప్పింది. బాపుకు మొదటి రోజు నుంచే తెలుసనీ, అంతమంది నిన్ను అంటుంటే తెలిసి తెలిసి పడుకున్నాడనీ చెప్పాను. తమ్ముడికి ఇప్పుడే చెప్తానన్నాను.

అమ్మ చేతిలో ఉన్న ముక్కను చింపడం పూర్తి చేసింది.

"నాకు ఎరుకే. పిల్లగాన్ని ఎత్తుకొని గడప కాడికి పోయి ఎనుకకు వచ్చింది నేనే గదా."

మరి ఆ రోజు వాకిట్లో ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను. ఆయన పేరు ఎందుకు చెప్పలేదు, ఎవరికోసం ఆయన్ని కాచావు అని గట్టిగానే అడిగాను. అమ్మ కాచలేదంది. ఆయన ఒప్పుకునే మనిషి కాదనీ, తను అంటే ఇంకో అబద్ధం అనుకునేవాళ్ళనీ చెప్పింది. మసిబట్టలని తను ముందే ఒక అబద్ధం ఆడి ఉంది. తన మాటకు అక్కడ విలువ లేదు.

నేను ఇంకా బాపును తిడుతూనే ఉన్నాను. అమ్మ తలెత్తి చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ రోజు వాకిట్ల ఆయన దిక్కు నేను చూడనే లేదు బిడ్డా. నీ దిక్కు చూసిన."